కోటను చుట్టుముట్టినవాడే గెలుస్తాడా? అంతర్యుద్ధాల్లో దీర్ఘ ముట్టడుల సంగతి

గుత్తి_కుర్రోడు
అనంతపురంలో పీజీ హిస్టరీ చదువుతున్నా. అమెరికా అంతర్యుద్ధం మీద మాకు దొరికిన నోట్సులో గెటీస్‌బర్గ్‌కు పేజీలకు పేజీలు, విక్స్‌బర్గ్‌కు ఒకే ఒక్క వాక్యం. రెండూ తేలింది 1863 జూలై మొదటి వారంలోనే. గెటీస్‌బర్గ్ మూడు రోజుల పోరు, విక్స్‌బర్గ్ నెలన్నర ముట్టడి. క్లాసులో అడిగితే "ముట్టడి అంటే ఊరికే కూర్చోవడం, యుద్ధాలు మైదానంలో తేలతాయి" అన్నారు. కోట కింద పుట్టి పెరిగినవాణ్ణి, ఆ మాట ఎట్లా ఒప్పుకుంటా? అంతర్యుద్ధంలో నెలల తరబడి, ఏళ్ల తరబడి సాగే ముట్టడి నిజంగా ఫలితాన్ని మారుస్తుందా? లేక ఫలితం ఇంకెక్కడో తేలిపోయాక ముట్టడి దానంతట అదే ముగుస్తుందా? పరీక్ష కోసం కాదు, వాదన కోసం అడుగుతున్నా. ఉదాహరణలతో చెప్పండి.

ఉగ్గాని_బజ్జి
పరీక్ష కోసం కాదట. సెమిస్టర్ ఎప్పుడు తమ్ముడూ?

గుత్తి_కుర్రోడు
వచ్చే నెల. అయినా దానికోసం కాదన్నా.

తుంగభద్ర_గట్టు
మీ నోట్సు విక్స్‌బర్గ్‌కు అన్యాయమే చేసింది. మ్యాపు తీసి మిసిసిపీ నది మీద వేలు పెట్టి కిందికి రండి. నది పక్కన ఎత్తైన గట్టు, గట్టు మీద ఊరు, ఊరి చుట్టూ ఫిరంగులు. అవి అక్కడ ఉన్నంతకాలం ఉత్తరాది పడవలు సముద్రం దాకా స్వేచ్ఛగా పోలేవు. నదికి పడమర టెక్సాస్, ఆర్కాన్సా, లూసియానాలో పెద్ద భాగం. అక్కడి పశువులు, మెక్సికో మీదుగా వచ్చే సరుకు తూర్పున ఉన్న దక్షిణాది సైన్యాలకు చేరాలంటే విక్స్‌బర్గ్‌కూ దాని కింద పోర్ట్ హడ్సన్‌కూ మధ్య మిగిలిన ఆ కాస్త నదే దారి.

ఉత్తరాది సేనాని గ్రాంట్ మొదట ముట్టడి అనుకోలేదు. 1863 మే 19న ఒకసారి, 22న ఒకసారి నేరుగా మీదపడ్డాడు. రెండోసారి అతని వైపు చచ్చినవాళ్లు, గాయపడినవాళ్లు కలిపి మూడు వేలు దాటారు. అప్పుడు సైనికుల చేతికి పలుగు, పార ఇచ్చాడు. కందకం తవ్వుకుంటూ గజం గజం దగ్గరికి జరగడం, నది వైపు నుంచి గన్‌బోట్ల మోత. ఊరి జనం మట్టిగట్టులో గుహలు తవ్వుకుని కాపురం పెట్టారు. కంచరగాడిద మాంసం దాకా వచ్చింది. పేపరు అచ్చేయడానికి కాగితం అయిపోతే గోడలకు అంటించే వాల్‌పేపర్ వెనక వైపు అచ్చేశారు. జూలై 4న ఊరిని కాపాడుతున్న దక్షిణాది సేనాని పెంబర్టన్ సుమారు 29 వేల మందితో, 170కి పైగా ఫిరంగులతో లొంగిపోయాడు. ఐదు రోజులకు పోర్ట్ హడ్సన్ కూడా పడింది. దక్షిణాది రెండు ముక్కలైంది.

గెటీస్‌బర్గ్‌లో దక్షిణాది సేనాని లీ ఓడాడు కానీ సైన్యాన్ని వెంటబెట్టుకుని వెనక్కి వెళ్లగలిగాడు. విక్స్‌బర్గ్‌లో ఒక సైన్యం సైన్యమే లెక్కలోంచి పోయింది. ఊరికే కూర్చోవడం అంటే ఇదా?

నల్లమల_నీడ
లెక్కలోంచి పోయింది అనడం ఎక్కువ. గ్రాంట్ వాళ్లను ఖైదు చేయలేదు, మళ్లీ పోరాడబోమని మాట తీసుకుని పెరోల్ మీద వదిలేశాడు. వాళ్లలో చాలామంది తర్వాత మళ్లీ తుపాకీ పట్టారు. యుద్ధం ఇంకో 21 నెలలు సాగింది. నిర్ణయాత్మకం అంటే ఇట్లా ఉంటుందా?

తుంగభద్ర_గట్టు
అంతమందిని ఉత్తరానికి తరలించాలంటే తన పడవలన్నీ అదే పనికి పోతాయని వదిలాడు. ఆ వదిలిన వాళ్లలో బోలెడు మంది నేరుగా ఇళ్లకు పోయారు. మనుషులు కొందరు తిరిగొచ్చారనే అనుకుందాం. నది తిరిగి రాలేదు కదా.

మిలిటరీ_మామ
ఇద్దరూ అసలు మనిషిని వదిలేశారు. జోసెఫ్ జాన్‌స్టన్. దక్షిణాది జనరల్. విక్స్‌బర్గ్‌కు తూర్పున జాక్సన్ వైపు సుమారు 30 వేల మందిని పోగుచేసుకుని ఉన్నాడు. లోపలివాళ్లు రోజూ అతని ఫిరంగి చప్పుడు వినపడుతుందేమో అని చెవులు రిక్కించుకుని ఉన్నారు. అతను రాలేదు. అదే సమయంలో లీని కాస్త సైన్యం పడమరకు పంపమంటే అతను పెన్సిల్వేనియా మీదికి పోదామన్నాడు. అదే గెటీస్‌బర్గ్. కాబట్టి బాబూ, నీ నోట్సులో ఆ రెండూ వేర్వేరు చాప్టర్లు కావచ్చు గానీ నిజానికి ఒకటే నిర్ణయం.

ఇంకో మాట. కొండల్లో పోస్టింగ్‌లో ఉన్నప్పుడు మంచుతో దారి మూసుకుపోయేది. స్టోర్‌లో రేషన్ నిండుగా ఉండేది, అయినా కుర్రాళ్లు డీలా పడిపోయేవాళ్లు. దారి తెరుస్తున్నారని వైర్‌లెస్‌లో ఒక్క మాట వినపడితే అదే పప్పు రెండు గరిటెలు ఎక్కువ తినేవాళ్లు. చుట్టుముట్టిన చోట ఉన్నవాణ్ణి లొంగదీసేది గింజలు అయిపోవడం కాదు, బయటినుంచి ఎవరూ రారని తెలియడం.

రిటైర్డ్_అయ్యవారు
మిలిటరీ_మామ చెప్పినదానికి ఇంగ్లండ్‌లో చక్కటి రుజువుంది. 1648, రెండో అంతర్యుద్ధం. రాజు పక్షంవాళ్లు కోల్‌చెస్టర్ పట్టణంలో దూరారు. పార్లమెంటు సేనాని ఫెయిర్‌ఫాక్స్ చుట్టుముట్టాడు. జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా 11 వారాలు. ఇందులో వింత ఏమంటే ఊరి జనం చాలావరకు పార్లమెంటు పక్షమే. అంటే తమ పక్షంవాడే తమను ఆకలికి మాడ్చాడు. తిండి లేక ఆడవాళ్లను బయటికి పంపితే ఫెయిర్‌ఫాక్స్ వాళ్లను వెనక్కి తోలించాడు, లోపల తినే నోళ్లు తగ్గకూడదని. గుర్రాలు, కుక్కలు అన్నీ అయిపోయినా వాళ్లు లొంగలేదు. ఎందుకంటే ఉత్తరం నుంచి స్కాట్ సైన్యం వస్తుందని ఆశ. ఆగస్టు 17 నుంచి 19 మధ్య ప్రెస్టన్ దగ్గర పార్లమెంటు పక్షం క్రామ్‌వెల్ ఆ సైన్యాన్ని చితక్కొట్టాడు. ఆ వార్త చేరాక కోల్‌చెస్టర్ ఎక్కువ రోజులు ఆగలేదు. లొంగిపోయిన రోజే లూకస్, లైల్ అనే ఇద్దరు సేనానుల్ని కాల్చి చంపారు.

ఉగ్గాని_బజ్జి
అయ్యవారూ, ప్రొద్దుటూరు బంగారం అంగట్లో కూర్చుని ఇవన్నీ ఎప్పుడు చదివారు సార్?

రిటైర్డ్_అయ్యవారు
అంగడి మా అల్లుడిది. నాకు కుర్చీ, ఫ్యాను మాత్రమే.

గుత్తి_కుర్రోడు
మిలిటరీ మామా, మా కోట మీ మాటకు ఎదురు సాక్ష్యం చెబుతుంది. 1776లో హైదర్ అలీ గుత్తిని ముట్టడించినప్పుడు లోపల ఉన్నది మురారి రావు ఘోర్పడే, మరాఠా సర్దారు. ఊరు, కింది కోట పోయినా పైకోట వారాల తరబడి నిలబడింది. చివరికి పైన నీళ్లు అడుగంటాయి. లొంగక తప్పలేదు. ఆశ ఉందా లేదా అన్న ప్రశ్నే రాలేదు, కడవలో నీళ్లు లేవు, అంతే. కోట ఎక్కినవాళ్లకు తెలుసు, పైన ఎన్ని బావులూ గుంటలూ తవ్వుకున్నారో. మన సీమలో కోటను కాపాడేది గోడ కాదు, వాన.

కొండారెడ్డి_బురుజు
అది అంతర్యుద్ధం కాదు కదా తమ్ముడూ. టాపిక్ దాటొద్దు.

గుత్తి_కుర్రోడు
ముట్టడి ఎట్లా పనిచేస్తుందో చెబుతున్నా అన్నా. నీళ్లకు అంతర్యుద్ధం, బయటి యుద్ధం తేడా తెలుసా?

పెన్న_ఒడ్డు
గండికోట గురించి ఎవరైనా రాస్తారని ఎదురుచూస్తున్నా. ఇప్పుడు దాన్ని ఆదివారాలు బిర్యానీ పొట్లాలతో వచ్చేవాళ్లు ముట్టడిస్తున్నారు, ఎవరూ లొంగట్లేదు.

మిలిటరీ_మామ
గుత్తి బాబూ, నీళ్ల సంగతి ఒప్పుకుంటా. కొండకోట వేరు, ఊరు వేరు. కొండకోటను దాహం పడగొడుతుంది. లక్షమంది ఉన్న నగరం అట్లా ఒకేరోజు ఎండిపోదు, దొంగదారులుంటాయి, నది ఉంటుంది, స్మగ్లింగ్ ఉంటుంది. అంతర్యుద్ధాల్లో పెద్ద ముట్టడులన్నీ నగరాలవే.

బళ్లారి_రోడ్
అయితే అదే అమెరికా యుద్ధంలో పీటర్స్‌బర్గ్ సంగతేంటి? అది నగరం, పైగా దాన్ని పూర్తిగా చుట్టుముట్టనే లేదు. 1864 జూన్ నుంచి 1865 ఏప్రిల్ మొదటి వారం దాకా తొమ్మిది నెలలకు పైగా. నేను రైల్వేలో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు ఆ ముట్టడి అంతా రైలు పట్టాల కథలాగే కనిపిస్తుంది. దక్షిణాది రాజధాని రిచ్‌మండ్‌కు దక్షిణం నుంచి వచ్చే లైన్లు చాలావరకు పీటర్స్‌బర్గ్‌లో కలుస్తాయి. మనకు గుంతకల్లు ఎట్లనో దానికి అది అట్ల. గుంతకల్లు చేజారితే అటు బళ్లారి, ఇటు గుత్తి, అటు ధర్మవరం అన్నీ ఒక్కసారే మూగబోతాయి కదా. గ్రాంట్ ఊరిని కొట్టడం మానేసి లైన్లు ఒక్కొక్కటిగా తెంపుకుంటూ పడమరకు జరిగాడు. 1864 ఆగస్టులో వెల్డన్ లైన్ పోయింది. పీటర్స్‌బర్గ్‌లోకి వచ్చే లైన్లలో లీకి చివరికి సౌత్‌సైడ్ లైన్ ఒక్కటే మిగిలింది. గ్రాంట్ ఒక్కో మైలు జరిగినప్పుడల్లా లీ కూడా కందకం ఇంకో మైలు సాగదీయాల్సి వచ్చింది, ఉన్న మనుషులతోనే. చలికాలంలో రాత్రిపూట కందకాల్లోంచి ఇళ్లకు పారిపోయేవాళ్లు పెరిగారు. 1865 ఏప్రిల్ 1న ఫైవ్ ఫోర్క్స్ దగ్గర లీ సైన్యం కుడి చివర విరిగింది, మర్నాడు గీత అంతా తెగింది, 9న లీ లొంగిపోయాడు.

అవతల గ్రాంట్ వైపు చూడండి. సిటీ పాయింట్ అనే రేవును గోదాముల ఊరుగా మార్చి, అక్కడినుంచి కందకాల వెనక దాకా సొంత రైలు మార్గం వేసుకున్నాడు. అతని సైనికుడికి వేడి రొట్టె, లీ సైనికుడికి గుప్పెడు మొక్కజొన్న పిండి. ముట్టడి అంటే ఎవరి సరఫరా ముందు తెగుతుందో చూసే పోటీ. లోపలివాడే కాదు, బయటివాడు కూడా ఆ పోటీలో ఉంటాడు.

నల్లమల_నీడ
బళ్లారి_రోడ్ చెప్పింది బాగుంది, కానీ ఒక అధ్యాయం వదిలేశారు. 1864లో అదే ముట్టడి లింకన్‌ను దించేసేంత పనిచేసింది. జూలై 30న సొరంగం తవ్వి మందుగుండు పేల్చారు, పెద్ద గుంట పడింది, ఆ గుంటలోకే సొంత సైనికులు దూకి చచ్చారు. పేపర్లు తిట్టిపోశాయి. నవంబరులో ఎన్నికలు. ఆగస్టు 23న లింకన్ తానే ఓడిపోవచ్చని కాగితం మీద రాసి మడిచి మంత్రుల చేత సంతకాలు పెట్టించాడు. సెప్టెంబరు 2న ఉత్తరాది సేనాని షెర్మన్ అట్లాంటా గెలవకపోయుంటే పీటర్స్‌బర్గ్ కందకాల్లో కూర్చున్న గ్రాంట్‌ను కొత్త అధ్యక్షుడు వెనక్కి పిలిచేవాడేమో. నెమ్మదిగా గెలిచేవాడికి ఇంట్లో ఓపిక ఉండాలి. ఓటు వేసే దేశంలో అది ఎప్పుడు అయిపోతుందో ఎవరూ చెప్పలేరు.

రచ్చబండ_అక్క
ఇప్పటిదాకా గెలిచిన ముట్టడులే చెబుతున్నారు. స్పెయిన్ అంతర్యుద్ధంలో మాడ్రిడ్? 1936 నవంబరు నుంచి 1939 మార్చి దాకా, రిపబ్లిక్ ప్రభుత్వం మీద తిరగబడిన ఫ్రాంకో సైన్యం ఊరి అంచున, యూనివర్సిటీ భవనాల్లో కూర్చుంది. లోపలికి రాలేకపోయింది. మరి గెలిచిందెవరు?

నల్లమల_నీడ
అక్కా, నా వాదనకు మీరే సాక్షి. ఫ్రాంకో మాడ్రిడ్‌ను గుద్ది గుద్ది చేతకాక వదిలేసి 1937లో ఉత్తరానికి తిరిగాడు. జూన్‌లో బిల్బావో, అక్టోబరులో హిహోన్. బొగ్గు, ఇనుము, ఫ్యాక్టరీలు అతని చేతికొచ్చాయి. 1938లో ఎబ్రో నది దగ్గర రిపబ్లిక్ తన మంచి సైన్యాన్ని కరగదీసుకుంది. 1939 జనవరి 26న బార్సిలోనా పోయింది. అప్పటికి మాడ్రిడ్‌లో అన్నం లేదు, ఆశ లేదు. మార్చిలో కసాడో అనే కల్నల్ సొంత ప్రభుత్వం మీదే తిరగబడ్డాడు, లోపల లోపలే కాల్చుకున్నారు. 28న ఫ్రాంకో మనుషులు దాదాపు నడుచుకుంటూ వచ్చేశారు. ఫలితం తేలింది వేరే చోట, ముట్టడి చివర సంతకం మాత్రమే.

రచ్చబండ_అక్క
కాదు. మాడ్రిడ్ 1936లోనే పడిపోయుంటే యుద్ధం నాలుగు నెలల్లో ముగిసేది. పడకపోవడం వల్ల దాదాపు మూడేళ్లు సాగింది. ఆ మూడేళ్లలోనే కదా జర్మనీ విమానాలు, ఇటలీ దళాలు, రష్యా ట్యాంకులు, అంతర్జాతీయ బ్రిగేడ్లు అన్నీ వచ్చిపడ్డాయి. నిలబడిన ముట్టడి ఓటమిని ఆపలేకపోయినా యుద్ధం ఆకారాన్నే మార్చేసింది.

రిటైర్డ్_అయ్యవారు
ఆ 1936లో పడకపోవడానికి ఒక చిన్న ముట్టడి కూడా కారణం. తొలేడోలో అల్కాసార్ కోటలో ఫ్రాంకో పక్షం సైనికులు, సివిల్ గార్డులు, వాళ్ల కుటుంబాలు జూలై చివరినుంచి ఇరుక్కుని ఉన్నారు. మాడ్రిడ్ మీదికి పోతున్న ఫ్రాంకో దారి మళ్లి ముందు వాళ్లను విడిపించడానికి పోయాడు. సెప్టెంబరు 27న విడిపించాడు. అప్పటికి సైనికంగా అల్కాసార్‌కు విలువ సున్నా. కానీ వీరుడని పేరొచ్చింది, ఆ రోజుల్లోనే తన పక్షానికి ఏకైక నాయకుడయ్యాడు. ఈలోగా మాడ్రిడ్‌కు ఊపిరి తీసుకునే టైమ్ దొరికింది. ముట్టడిలో ఉన్నవాళ్లు ఎవరికి గెలుపు తెచ్చారో ఎవరికి నష్టం తెచ్చారో మీరే లెక్కేసుకోండి.

ఉగ్గాని_బజ్జి
ఫ్రాంకోకి కుర్చీ, మాడ్రిడ్‌కి మూడేళ్లు. సెటిల్‌మెంట్ బాగుంది.

సీమ_సింహం_99
ఇవన్నీ ఎందుకప్పా, మన ఫ్యాక్షన్ ఊళ్లలో చూడండి, ఎదుటి వర్గం తోటకు నీళ్లు బంద్, రోడ్డు బంద్. అదే ముట్టడి.

పెన్న_ఒడ్డు
సినిమా ఎక్కువైంది నీకు. కడపవాణ్ణి చెబుతున్నా, నలుగురు మీసాలు మెలేయడం అంతర్యుద్ధం కాదు. లక్షమంది పస్తులున్న సంగతి మాట్లాడుతుంటే మధ్యలో సుమోలు లేపకు.

కువైట్_రాయచోటి
లక్షమంది పస్తుల సంగతి నేను చెబుతా. కువైట్‌లో నా రూమ్మేట్ సూడాన్‌వాడు, దార్ఫుర్ ప్రాంతం, అల్ ఫాషిర్ ఊరు. మీరంతా 1863, 1648 అంటున్నారు, ఇతని ఊరు 2024 మే నుంచి 2025 అక్టోబరు 26 దాకా ముట్టడిలో ఉంది. సూడాన్‌లో 2023 ఏప్రిల్ 15న సైన్యానికీ ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలిటరీకీ యుద్ధం మొదలైంది. ఆ ఏడాది చివరికల్లా దార్ఫుర్‌లోని ఐదు రాష్ట్రాల రాజధానుల్లో నాలుగు ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికి పోయాయి. మిగిలింది అల్ ఫాషిర్ ఒక్కటే.

అక్కడ చివరికి ఏం తిన్నారో తెలుసా? అంబాజ్. అంటే గానుగాడాక మిగిలే వేరుశనగ చెక్క. నేను నమ్మలేదు. మా ఇంట్లో బర్రెలకు పెట్టేది అది. ఫోన్‌లో ఫొటో చూపించాడు, అచ్చం మన అంగట్లో దొరికే చెక్కే. తర్వాత తర్వాత అది కూడా దొరకలేదన్నాడు. ఊరి పక్కన జంజం శిబిరంలో కరువు వచ్చిందని 2024 ఆగస్టులోనే ప్రకటించారు. 2025లో ఊరి చుట్టూ మట్టికట్ట పోశారు, మనిషి దాటకుండా. ఉపగ్రహం ఫొటోల్లో ముప్పై కిలోమీటర్లకు పైగా కనిపించింది ఆ కట్ట.

రచ్చబండ_అక్క
మట్టికట్ట సంగతి చదివాను. మీ రూమ్మేట్ వాళ్లు బయటపడ్డారా తమ్ముడూ?

కువైట్_రాయచోటి
కొందరు తవీలా చేరారు, పడమరగా అరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది, నడిచే పోయారు. మిగతావాళ్ల గురించి అతన్ని నేను అడగను అక్కా.

చెనిక్కాయ_రైతు
కళ్యాణదుర్గం దగ్గర మాది చెనిక్కాయ సాగే. కరువు ఏళ్లలో చెక్క ధర పెరిగితే ఎనుములకు తగ్గించి పెడతాం. పాత చెక్కకు బూజు పడితే పశువులకే జబ్బు చేస్తుంది. మనుషులు తిన్నారంటే ఇక ఏం మిగల్లేదనే.

మిలిటరీ_మామ
రాయచోటి తమ్ముడి పోస్టు చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయా. అయినా ప్రశ్న ప్రశ్నే. అల్ ఫాషిర్ పడటంతో దార్ఫుర్‌లోని ఐదు రాష్ట్రాల రాజధానులూ ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికి పోయాయి, నిజం. కానీ అదే యుద్ధంలో ఖార్టూంలో సైన్యం హెడ్‌క్వార్టర్స్ కూడా 2023 ఏప్రిల్ నుంచి ముట్టడిలోనే ఉంది. అది పడలేదు. 2025 జనవరిలో బయటి దళాలు దాన్ని చేరుకున్నాయి. మార్చికల్లా రాజధాని మళ్లీ సైన్యం చేతిలోకి వచ్చింది. ఒకే దేశం, ఒకే యుద్ధం, రెండు ముట్టడులు. ఒకదానికి సాయం చేరింది, ఒకదానికి చేరలేదు. నేను మొదట్లో చెప్పింది ఇదే.

కొండారెడ్డి_బురుజు
మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి. 1948. అప్పుడు కర్నూలు మద్రాసు రాష్ట్రంలో ఉంది, తుంగభద్ర అవతలి ఒడ్డు నిజాం రాజ్యం. ఇండియా హైదరాబాద్‌కు సరుకులు పోకుండా దిగ్బంధం పెట్టింది. మా తాత చెప్పేవాడు, ఒడ్డున పోలీసులు మూటలు విప్పి చూసేవాళ్లని, ఉప్పు, కిరసనాయిలు రాత్రిపూట పుట్టిలో దాటేవని. అవతలినుంచి రజాకార్ల భయంతో కుటుంబాలు ఇవతలికి వచ్చేవి. నిజాం వైపు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి విమానాల్లో ఆయుధాలు దింపేవాడు. నెలల దిగ్బంధం నిజాంను కదిలించలేదు. సెప్టెంబరు 13న సైన్యం పోయింది, 17కల్లా అయిపోయింది. అంటే ఎదురుచూడటం కంటే నేరుగా పోవడమే తేల్చింది.

తుంగభద్ర_గట్టు
నాలుగైదు రోజుల్లో ఎందుకు అయిపోయిందో కూడా ఆలోచించండి. కాటన్ విమానాలు తెచ్చినంత తప్ప ఇంకేమీ రాలేదు. చుట్టూ మూసేసి ఉండటం వల్లనే ఆ సైన్యం లోపల డొల్లగా ఉంది.

కొండారెడ్డి_బురుజు
డొల్ల అవునో కాదో మీరు నేను చెప్పలేం. మా తాత లెక్కలో మాత్రం పుట్టివాళ్లు బాగా సంపాదించారు.

నల్లమల_నీడ
సాయం రావడం రాకపోవడం, సరఫరా తెగడం ఇవన్నీ సరే. ఒక ముట్టడి గురించి ఎవరూ మాట్లాడలేదు. చాంగ్‌చున్, చైనా, 1948. మే చివరినుంచి అక్టోబరు దాకా కమ్యూనిస్టు సైన్యం చుట్టుముట్టింది. లోపల అప్పటి ప్రభుత్వ పక్షమైన కోమింటాంగ్ దళాలు ధాన్యం మిగుల్చుకోవడానికి జనాన్ని బయటికి వెళ్లగొట్టాయి. బయటి సైన్యం వాళ్లను దాటనివ్వలేదు. రెండు గీతల మధ్య బయలులో జనం మిగిలిపోయారు. లక్షకు పైగా పౌరులు ఆకలితో చనిపోయారని చరిత్రకారుల అంచనాలున్నాయి. కోల్‌చెస్టర్‌లో ఫెయిర్‌ఫాక్స్ చేసిందే, వంద రెట్లు పెద్దగా.

అక్టోబరు 15న జిన్‌జౌ పడి మంచూరియా దారి మూసుకుపోయింది. 17న లోపల ఉన్న యునాన్ దళం పక్షం మార్చింది. వాళ్లకు మొదటినుంచీ కోమింటాంగ్ నాయకుడు చియాంగ్ సొంత దళాలకంటే తక్కువ రేషన్, తక్కువ మర్యాద. కొన్ని రోజులకే మిగతావాళ్లు లొంగారు. అంతర్యుద్ధంలో ముట్టడికి ఉన్న ప్రత్యేకత ఇదే అని నా అభిప్రాయం. బయటి దేశంవాడు చుట్టుముడితే లోపలివాళ్లు ఒకటవుతారు. సొంత దేశంవాడు చుట్టుముడితే గోడ దూకి అటు పోవడం కేవలం చొక్కా మార్చుకోవడమే.

గుత్తి_కుర్రోడు
ఇది నోట్సులో రాసుకుంటున్నా అన్నా. ఇంకా ఉందా?

నల్లమల_నీడ
ఉంది. 1949 జనవరిలో తియాన్‌జిన్ పోరాడి 29 గంటల్లోనే పడింది. పక్కనే బీపింగ్‌లో, అంటే ఇప్పటి బీజింగ్‌లో, కోమింటాంగ్ సేనాని ఫూ జ్వోయీ రెండు లక్షలకు పైగా సైన్యంతో చుట్టుముట్టబడి ఉన్నాడు. కాల్పుల్లేకుండా ఒప్పందం చేసుకున్నాడు. 31న కమ్యూనిస్టులు లోపలికి వచ్చారు. చాంగ్‌చున్‌లో ఏం జరిగిందో ఆయనకు తెలుసు. ఒక ముట్టడి ఇంకో నగరాన్ని కూడా లొంగదీస్తుంది.

కడప_కారందోశ
మధ్యలో వచ్చి అడుగుతున్నా, బోస్నియాలో సరయేవో ఎవరూ చెప్పలేదా? 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా, 1,425 రోజులు. కొండల మీదినుంచి షెల్లింగ్, రోడ్డు దాటాలంటే స్నైపర్లు. విమానాశ్రయం కింద 800 మీటర్ల సొరంగం తవ్వి దాంట్లోంచే పిండి, తుపాకులు, గాయపడినవాళ్లు. 2012లో చనిపోయినవాళ్ల గుర్తుగా రోడ్డు పొడవునా 11,541 ఎర్ర కుర్చీలు వేశారు, ఖాళీవి. ముట్టడి వేసిన సెర్బ్ సైన్యం ఊరిని గెలవలేదు సరే, దాన్ని గెలవాలని పెద్దగా ప్రయత్నించను కూడా లేదు. బేరం కోసం పట్టుకుని కూర్చుంది. కానీ టీవీలు అక్కడే ఉన్నాయి. 1995 ఆగస్టు 28న మార్కాలే బజారులో షెల్ పడి 43 మంది చనిపోయారు. రెండు రోజుల్లో నాటో బాంబులు మొదలెట్టింది. నవంబరులో యుద్ధం ముగించిన డేటన్ ఒప్పందం. పట్టుకున్నవాడి చేతినే ఆ ముట్టడి కాల్చింది.

రచ్చబండ_అక్క
నాటో వచ్చింది ఒక్క సరయేవో వల్ల కాదు కదా. అదే ఏడాది జూలైలో స్రెబ్రెనిత్సా ఊచకోత జరిగింది. ఆగస్టులో క్రొయేషియా సైన్యం నేల మీద దెబ్బకొట్టింది. బజారు షెల్ ఒక్కటే కారణం అయితే 1994 ఫిబ్రవరిలో అదే బజారులో 68 మంది పోయినప్పుడే రావాలి.

కడప_కారందోశ
సరే అక్కా, కానీ మూడున్నరేళ్లు కెమెరాలకు ఆ ఊరు కనపడుతూ ఉండకపోతే స్రెబ్రెనిత్సాను కూడా ఎవరు పట్టించుకునేవాళ్లు? అల్ ఫాషిర్ చూడండి. కెమెరా లేదు, నాటో లేదు.

కువైట్_రాయచోటి
కెమెరాలున్నాయన్నా. పట్టుకున్నవాళ్లే వాళ్ల ఫోన్లలో తీసి పెట్టారు. చూసినవాళ్లు ఏం చేశారన్నదే ప్రశ్న.

బళ్లారి_రోడ్
సిరియాను మర్చిపోకండి. అసద్ ప్రభుత్వం ముట్టడినే పద్ధతిగా పెట్టుకుంది. హోమ్స్ పాతబస్తీ 2014 మేలో, దారయా నాలుగేళ్ల తర్వాత 2016 ఆగస్టులో, తూర్పు అలెప్పో అదే ఏడాది డిసెంబరులో, తూర్పు ఘూతా ఐదేళ్ల తర్వాత 2018 ఏప్రిల్‌లో. ప్రతిచోటా చివర్లో ఆకుపచ్చ బస్సులు వచ్చేవి, ఆయుధాలు పట్టినవాళ్లనూ కుటుంబాలనూ ఎక్కించుకుని ఎక్కువగా ఇద్లిబ్‌కు తోలేవి. అన్నీ గెలిచినట్టే లెక్క. కానీ శత్రువులను చంపలేదు, కలుపుకోలేదు, అందరినీ తీసుకెళ్లి ఒకేచోట కుప్పబోశారు. 2024 నవంబరు 27న అదే ఇద్లిబ్ నుంచి బయలుదేరారు. మూడు నాలుగు రోజుల్లో అలెప్పో, డిసెంబరు 8న డమాస్కస్. అసద్ మాస్కోకు. ఇప్పుడు చెప్పండి, ఆ ముట్టడులు ఎవరు గెలిచినట్టు?

మిలిటరీ_మామ
2018లో అడిగితే అసద్ అనేవాణ్ణి.

నల్లమల_నీడ
అసద్‌కు అండగా ఉన్న లెబనాన్ సంస్థ హిజ్బుల్లా దెబ్బతినడం, అతని ఇంకో అండ రష్యా ఉక్రెయిన్‌లో ఇరుక్కోవడం వదిలేసి బస్సుల మీద వేయకండి. అసద్ పడింది అతన్ని మోసేవాళ్లు అలిసిపోయి. సైన్యం జీతాలు చాలక సగం ఖాళీగా ఉంది.

బళ్లారి_రోడ్
అవన్నీ ఒప్పుకుంటా. కానీ ఇంటి దగ్గరే రాజీ కుదిరి ఇళ్లల్లో ఉండిపోయినవాళ్లు డిసెంబరులో డమాస్కస్ మీదికి ఎన్ని బండ్లు తోలేవాళ్లు? ఇద్లిబ్‌కు పోయినవాడికి వెనక్కి రావడం తప్ప ఇంకో పనేముంది?

ఉగ్గాని_బజ్జి
గుత్తి తమ్ముడూ, ఇన్ని చెప్పాక నీ పరీక్షకు పదిహేను మార్కుల ప్రశ్న వస్తే ఏం రాస్తావ్?

గుత్తి_కుర్రోడు
విక్స్‌బర్గ్ రాస్తా, జాన్‌స్టన్‌ను మర్చిపోను. మార్కులు వేసేవాళ్లు మైదానం పార్టీ అయితే నా ఖర్మ. ఇంతకీ చైనాలో చింగ్ రాజవంశం మీద జరిగిన తైపింగ్ తిరుగుబాటు ఎవరికైనా తెలుసా? అక్కడ కూడా పెద్ద ముట్టడి ఉందని మా సీనియర్ అన్నాడు.

తుంగభద్ర_గట్టు
ఒకటి కాదు, రెండు. యాంగ్జీ నది మీద ఆన్‌చింగ్, ఆ తర్వాత తైపింగ్ రాజధాని నాన్జింగ్. ఆన్‌చింగ్‌ను చింగ్ పక్షం సేనాని జంగ్ గ్వోఫాన్ తమ్ముడు 1860లో చుట్టుముట్టాడు. తైపింగ్‌వాళ్లు తెలివిగా నేరుగా రాకుండా పైన వుహాన్ వైపు సైన్యాలను తోలారు, అన్నదమ్ములు భయపడి ముట్టడి వదిలేసి పరిగెత్తుతారని. జంగ్ కదల్లేదు. కింద ముట్టడి ఆగలేదు. 1861 సెప్టెంబరులో ఆన్‌చింగ్ పడింది. అక్కడినుంచి నది దిగువకు దారి తెరుచుకుంది. మామ చెప్పే సాయం ఇక్కడ బయలుదేరింది, కానీ ముట్టడించినవాడు మొండివాడు కావడంతో పనిచేయలేదు.

మిలిటరీ_మామ
ఈ ముక్క నాకు కొత్త. నాన్జింగ్ ఎప్పుడు?

తుంగభద్ర_గట్టు
1864 జూలై. మధ్యలో మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో షాంఘై వైపు ఏం జరిగిందో నల్లమల_నీడ రాస్తే బాగుంటుంది.

నల్లమల_నీడ
రాస్తా. కానీ షాంఘై కస్టమ్స్ డబ్బు దగ్గర మొదలుపెట్టి, చింగ్ పక్షం లీ హోంగ్‌జాంగ్ సైన్యం ఆవిరి పడవల్లో అక్కడ దిగిన దగ్గరికి రావాలి. ముట్టడి గురించి అనుకుని చదివేవాళ్లు సుంకాల గురించి చదవాల్సి వస్తుంది, ముందే చెబుతున్నా.